పీపాలోని సిమెంటు – పరీక్షల తగవులు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీలో నొకరు మమ్ము నొక ప్రశ్న అడిగిరి. "పాఠశాల గదికి వచ్చిన సిమెంటు బస్తాలలో కొన్ని గడ్డ కట్టినవి. కాంట్రాక్టరు అది కంపెనీ తప్పనుచున్నాడు. దుకాణదారు, మా గోదాములో ఉన్నంతవరకు సరుకు బాగుగనే ఉన్నదనుచున్నాడు. బిల్లు మీద సంతకము చేయవలసినది సర్పంచి. ఎవరి మాట నమ్మవలెను?" అని. ఒక్క వాక్యములో బదులు చెప్పి కూర్చుండవచ్చును. కాని ఈ తగవు నూరేండ్లకు మించినది. తెల్లదొరల కాలమున రేవుల వద్దను, వంతెనల వద్దను ఇంజనీర్లును వర్తకులును దీనిని గూర్చియే వాదులాడుకొనిరి. ఆ కథ కొంత తెలిసినచో మన ప్రశ్నకు దారి దొరకును.

సిమెంటు రాక పూర్వము మన పెద్ద కట్టడములు సున్నముతో లేచినవి. ఆర్థర్ కాటన్ దొర 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ధవళేశ్వరము ఆనకట్ట సున్నపు కట్టడమే. ఆనాడు సున్నమును పనికి దగ్గరలో కాల్చి, గానుగలో నూరి, తడి ఆరకముందే వాడెడివారు. సున్నము చెడినచో కాల్చినవాడును, నూరినవాడును, కట్టినవాడును అక్కడనే ఉండిరి. తగవు వచ్చినను ఆ పూటనే తేలిపోయెడిది.

సిమెంటు సంగతి వేరు. లీడ్స్ పట్టణపు తాపీ మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. తరువాత థేమ్స్, మెడ్వే నదుల ఒడ్డున పెద్ద కర్మాగారములు వెలసినవి. ప్రభుత్వ పనులకు వలయు సామగ్రిని ఇండియా ఆఫీసు లండనులోనే కొని ఓడల మీద పంపుచుండెను. సిమెంటు చెక్కపీపాలలో వచ్చెడిది. పీపా పలకల సందులలో సముద్రపు తేమ దూరును. తేమ తగిలిన సిమెంటు పీపాలోనే సగము పని ముగించుకొని దిగును. కరాచీ రేవులో 1869 మొదలు 1873 వరకు మనోరా అలకట్ట కట్టినప్పుడు ఒక్కొక్కటి 27 టన్నుల కాంక్రీటు దిమ్మెలు పోసి సముద్రములో దింపిరి. అట్టి దిమ్మెలో చెడ్డ సిమెంటు పడినచో తీసి మరల వేయుట ఎట్లు?

కనుక పరీక్ష కావలసి వచ్చెను. లండను మురుగుకాలువల నిర్మాణములో జాన్ గ్రాంట్ అను ఇంజనీరు 1859 మొదలుకొని సిమెంటును క్రమపద్ధతిగా పరీక్షింపసాగి, 1865లో తన ఫలితములను సివిలు ఇంజనీర్ల సంస్థ ఎదుట చదివెను. ఆయన నిబంధన యిది: సిమెంటు మెత్తగా నూరబడి ఉండవలెను. ఒక బుషెలు సిమెంటు 110 పౌనులకు తక్కువ తూగరాదు. ఇనుప అచ్చులో పోసి ఏడు దినములు నీటిలో నుంచిన ముద్దను రెండు కొనల పట్టి లాగినప్పుడు, ఒకటిన్నర అంగుళముల చదరము గల దాని నడుము 400 పౌనుల బరువునకు తెగక నిలువవలెను. తరువాత ఆ 400ను 500 చేసిరి. బుషెలు అనగా సుమారు 36 లీటర్ల కొలత. 110 పౌనులనగా దాదాపు నేటి మన 50 కిలోల బస్తా బరువే. ఇది కేవలము కాకతాళీయమైనను, గుర్తుంచుకొనుటకు పనికివచ్చును.

ఇంత మంచి నిబంధనలోనే తగవునకు విత్తనము కలదు. బాగుగా కాలిన సిమెంటు బరువుగా ఉండును గనుక తూకము మంచితనమునకు గుర్తని తలంచిరి. కాని ముతకగా నూరినది కూడ బుషెలునకు ఎక్కువ తూగును. మెత్తనిది పొంగి తక్కువ తూగును. ముతక రేణువులో చాల భాగము నీటితో కలియక ఇసుకవలె పడియుండును. మెత్తదనమును, తూకమును ఒక్కసారిగా కోరిన ఇంజనీరు తెలియకయే అమ్మకందారును రెండు దిక్కులకు లాగుచుండెను. నూరుడు ఖర్చు తగ్గు దిక్కునకు వర్తకుడు మొగ్గుటలో వింత లేదు.

ఏడవనాటి లాగుడు పరీక్షకును ఇట్టి లోపమే కలదు. సున్నము పాలు మించిన సిమెంటు ఏడవనాడు ఘనమైన బలము చూపవచ్చును. లోపల కలియక మిగిలిన సున్నము కాలక్రమమున తడి పీల్చి ఉబ్బి కట్టడమును పగులగొట్టును. పరీక్షలో నెగ్గినది గోడలో ఓడును. అందుచే సిమెంటును గోదాము నేలపై పలుచగా పరచి వారముల తరబడి గాలికి పెట్టవలెనని ఇంజనీర్లు పట్టుపట్టిరి. గాలికి పెట్టినచో సిమెంటు బలము తగ్గునని తయారుచేయువారు మొరపెట్టిరి. ఇరువురి మాటలోను నిజము కలదు. అందుకే ఆ తగవు తెగలేదు.

ఇక పరీక్షించు చేతుల సంగతి. ఒకే పీపాలోని సిమెంటును ఇద్దరు పరీక్షించినచో రెండు అంకెలు వచ్చుట ఆనాడు సామాన్యము. ఒకడు నీరు ఎక్కువ పోయును, ఒకడు తక్కువ. ఒకడు అచ్చులో గట్టిగా కూరును, ఒకడు వదులుగా. బరువును త్వరగా పెంచినచో ముద్ద ఎక్కువ మోసినట్లు కనబడును. లండను చలిలో నెమ్మదిగా గట్టిపడు సిమెంటు మద్రాసు ఎండలో త్వరగా బిగియును. ఓడ ఎక్కక ముందటి చీటీ అమ్మకందారు చేతిలోను, ఓడ దిగిన తరువాతి ఫలితము ఇంజనీరు చేతిలోను ఉన్నప్పుడు రెండును నిజమే కావచ్చును. నష్టము ఎవరిది అను ప్రశ్న మాత్రము మిగులును.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములో ఇంగ్లండున మరియొక రచ్చ లేచెను. కొందరు తయారీదారులు సిమెంటులో కాల్చని రాతిని, ఇనుప కొలిమి చిట్టెమును కలిపి నూరి, మాట చెప్పక అమ్ముచుండిరి. చిట్టెము కలిపిన సిమెంటును నేడు మనము ఆ పేరుతోనే కొనుచున్నాము. అది మంచి సరుకే. తప్పు కలుపుటలో లేదు, చెప్పకుండ కలుపుటలో ఉన్నది.

జర్మనీ 1878లోనే ప్రమాణములు ఏర్పరచుకొనెను. బ్రిటిషు ప్రమాణము 1904లో వచ్చెను. జల్లెడతో మెత్తదనమును చూచుట, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే కనుగొనిన పద్ధతిని ఉబ్బుదలను కొలుచుట అందులో చేరినవి. నమూనాలో కలుపు ఇసుకను గూర్చియు కట్టడి వచ్చెను. బ్రిటిషువారికి లైటన్ బజర్డ్ ఇసుక ప్రమాణమయ్యెను. నేడు మన ప్రమాణమునకు మద్రాసు దగ్గరి ఎన్నూరు ఇసుకను వాడుచున్నారు. ఇసుక మారినచో అంకె మారును. కనుక ఇది చిన్న సంగతి కాదు.

ఆ 1904లోనే మద్రాసులో సముద్రపు గుల్లలతో సిమెంటు తయారుచేయు కర్మాగారము వెలసెను గాని నిలువలేదు. 1914లో పోర్‌బందరులోను, ఆ తరువాత కట్నీలోను, బూందీ సంస్థానపు లాఖేరీలోను తయారీ మొదలయ్యెను. అప్పుడు తగవు తిరుగబడెను. దూరము తగ్గెను, తేమ బాధ తగ్గెను, ఐనను కొనువారిలో చాలమందికి సీమ సరుకు మీదనే నమ్మకము. 1925లో టారిఫ్ బోర్డు విచారించి, దేశీయ సిమెంటు బ్రిటిషు ప్రమాణమునకు తీసిపోదని తేల్చెను. పరీక్షలో నెగ్గినను కొన్నాళ్లు అపనమ్మకము పోలేదు. ముద్ర చూచి నమ్ముటయు, ముద్ర చూచి శంకించుటయు రెండును పరీక్ష కావని మా అభిప్రాయము.

ఇప్పుడు మన బస్తాల వద్దకు వత్తము. భారత ప్రమాణము 1951లో వచ్చెను. నేటి బస్తా మీద ప్రమాణ సంఖ్యయు, ఐ.ఎస్.ఐ. ముద్రయు, తయారైన వారమును సంవత్సరమును ఉండవలెను. మూడు నెలలు దాటి నిలువయున్న సిమెంటును మరల పరీక్షింపక వాడరాదు. నలిపినచో వ్రేళ్లకు పొడియగు గడ్డ వేరు, రాయివలె నిలుచు గడ్డ వేరు. రెండవది పనికిరాదు. ఐతే చేతి పరీక్ష బలమును చెప్పదు. బలము కొరకు ప్రయోగశాలలో దిమ్మెలు పోసి 3, 7, 28 దినములకు నలుగగొట్టి చూడవలెను.

బస్తాలు లారీ నుండి దిగిన నాడే, వాడకముందే, కాంట్రాక్టరును పంచాయతీ మనిషియు ఎదుట నుండగా నమూనా తీయవలెను. సంచికి సీలు వేసి ఇరువురును సంతకము చేయవలెను. ఏ ప్రమాణము ప్రకారము, ఏ ప్రయోగశాలలో పరీక్షింపవలెనో ఒప్పందములోనే వ్రాసికొనవలెను. పని ముగిసిన తరువాత వ్రాసికొందమనినచో మనమును లండను చీటీ, రేవు చీటీ పట్టుకొని కూర్చుండవలసివచ్చును.

ఉదయము ప్రశ్న అడిగిన సభ్యులు ఆ గడ్డ కట్టిన బస్తాలను ఇంకను పారవేయలేదని చెప్పిరి. వాటి మీది వారమును, సంవత్సరమును నేటి సాయంత్రమే కాంట్రాక్టరు ఎదుట వ్రాసికొని, బస్తాలను విడిగా తాళము వేసి ఉంచవలసినదని వారిని కోరుచున్నాము. బిల్లు అంతవరకు బల్ల మీదనే ఉండవచ్చును.