గ్రాంటా? అప్పా?

ఈ హాల్లో పట్టాలు అందుకున్నవారిలో కొందరు రేపో మాపో సొంత కంపెనీ పెడతారు. ల్యాబ్‌లో పనిచేసిన ఆలోచనను సరుకుగా మార్చడానికి సర్కారు సొమ్ము కోసం దరఖాస్తు రాస్తారు. ఎవరికి రాయాలన్నదే మొదటి చిక్కు.

అప్పు చేసి పప్పుకూడు తినొద్దన్న ఇళ్లలో పెరిగినవారికి గ్రాంటే ముద్దు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సంస్థ బైరాక్ ఇచ్చే ‘బిగ్’ గ్రాంటు బయోటెక్ కుర్రకారుకు తెలిసిందే: 50 లక్షల దాకా, 18 నెలల గడువు. తిరిగి కట్టనక్కర్లేదు. కాకపోతే సొమ్ము ఒక్కసారే చేతికి రాదు, అనుకున్న పని అయినకొద్దీ విడతలుగా వస్తుంది. ఈలోపు కెమికల్స్ బిల్లు ఆగదు. ఖర్చుపెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చూపాలి. అయినా ప్రయోగం పండుతుందో ఎండుతుందో తెలియని దశలో ఇంతకంటే మంచి సొమ్ము లేదు.

పండాక లెక్క మారుతుంది. 1996లో ఏర్పడ్డ టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా 5 శాతం సాధారణ వడ్డీకి అప్పిస్తుంది. మిగతా సగం కంపెనీయే తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి 1993లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ కథ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. విదేశీ హెపటైటిస్-బి టీకా సామాన్యుడికి అందని రోజులవి. మొదట్లో పెట్టుబడి పెట్టింది మన బ్యాంకులు కాదు, ఒమన్ విదేశాంగ మంత్రి! బోర్డు ఆసరా తర్వాత దొరికింది. 1997లో శాంతా సొంత టీకా మార్కెట్లోకి వచ్చింది.

పన్ను రాయితీ సంగతి వేరు. గుర్తింపు పొందిన సొంత పరిశోధనశాల ఉన్న కంపెనీలను 2017 మార్చి దాకా రూపాయి పరిశోధన ఖర్చుకు పన్ను లెక్కలో రెండు రూపాయలు రాసుకోనిచ్చారు. తర్వాత అది ఒకటిన్నరైంది. 2020 ఏప్రిల్ నుంచి రూపాయికి రూపాయే. లాభమే కళ్లజూడని కొత్త కంపెనీకి అప్పుడు మాత్రం ఒరిగిందేముంది?

2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, నవకల్పన (ఆర్‌డీఐ) పథకం మీదే ఇప్పుడు అందరి కళ్లూ. అందులో గ్రాంట్లు లేవు. ఉన్నవి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక అప్పులు, స్టార్టప్‌లలోనైతే వాటా కొనడం. అదీ ల్యాబ్‌లో రుజువై, సాంకేతిక సంసిద్ధత కొలమానం (టీఆర్‌ఎల్)లో కనీసం నాలుగో స్థాయికి చేరిన సాంకేతికతకే. కాబట్టి దరఖాస్తు తెరిచే ముందు ల్యాబ్ నోట్‌బుక్ తెరవాలి. చివరి ప్రయోగం మూడుసార్లు చేస్తే ఒక్కసారే ఫలితం వచ్చిందని అందులో రాసి ఉంటే, అప్పు ఫారం పక్కన పెట్టి గ్రాంటు ఫారం నింపడమే మేలు.