కత్తెర ఎవరి చేతిలో ఉంది?
(యువజన శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా గురించి మాట్లాడతామంటే మీలో కొందరు నవ్వారు. కూలి రేట్లు వదిలేసి ఇదేందని. చుండూరు గొడవ మొదలైంది ఎక్కడ? సినిమా హాల్లోనే గదా! 1991 జూలైలో మన పిల్లోడి కాలు పెద్దకులపోడికి తగిలింది. దాన్నే సాకు చేసుకుని పెంచిన పగ ఆగస్టు 6న ఎనిమిది ప్రాణాలు తీసింది. హాలు లోపల కూడా ఊరూ వాడా ఉన్నాయి. అట్లాంటప్పుడు తెర మీద ఏముందో, దాన్ని అట్లా పెట్టిందెవరో మనకు పట్టకపోతే ఎట్లా?

ఆదుర్తి సుబ్బారావు పేరు పెద్దవాళ్లు వినే ఉంటారు. 1912లో రాజమండ్రిలో పుట్టారు. మన వాడ మనిషి కాదు. బొంబాయి పోయి ఫోటోగ్రఫీ నేర్చుకుని, ఎడిటింగ్ గదిలో దీనా నార్వేకర్ దగ్గర సహాయకుడిగా చేరారు. డైరెక్టరయ్యింది 1954లో, 'అమర సందేశం'తో. అప్పటికి నలభై దాటాయి.

ఎడిటింగ్ అంటే ఏందో మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. మిరప కల్లంలో తాలుకాయ ఏరినట్టే. తీసిన ఫిలిమంతా సినిమా కాదు. సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 90 అడుగుల ఫిలిం పోద్ది. ఒకే సీను నాలుగు వైపుల నుంచి తీస్తారు. ఎడిటరు దాన్ని మూవియోలా మిషను మీద తిప్పి చూసి, గుర్తు పెట్టి, కోసి అతికించేవాడు. బొమ్మ ఒక ఫిలిం, మాట ఇంకో ఫిలిం. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆసామి పాలేరును తిడుతున్నాడనుకోండి. తిట్టేవాడి మొహమే చూపెడితే అది ఆసామి కథ. తిట్టు వినపడుతుండగా పాలేరు మొహం చూపెడితే పాలేరు కథ. తీసిన ఫిలిం అదే. కోతలో మారిపోయింది.

ఆ పని తెలిసినోడు కాబట్టే ఆదుర్తి 'నమ్మిన బంటు' (1960) తీయగలిగారు. జమీందారుకు ఎదురు నిలిచిన కష్టజీవుల కథ. రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. 'మూగమనసులు' (1964) దగ్గర మాత్రం మాకు పేచీ ఉంది. పడవ నడిపేవాడు, జమీందారు బిడ్డ. ఇద్దరి మధ్య ప్రేమ. ఈ జన్మలో వాళ్లను గోదాట్లో ముంచి, మరుజన్మలో కలిపారు. జనం ఏడ్చుకుంటా చూశారు, మేమూ ఏడ్చాం. కానీ బతికుండగా కలపడానికి ఆ కత్తెరకు చెయ్యి రాలేదు.

కొత్తవాళ్లతో 'తేనె మనసులు' (1965) తీసి తెనాలి పక్క బుర్రిపాలెం కృష్ణను హీరోను చేశారు. రేపల్లె వైపు పెదపులివర్రు కె. విశ్వనాథ్ ఆయన దగ్గరే పనిచేసి డైరెక్టరయ్యారు. మన జిల్లా పిల్లలకు తలుపు తీశారు, సంతోషం. ఆ తలుపు దాకా పోయే రైలు ఛార్జీ మన పల్లె పిల్లలకు ఎవరిచ్చారు?

నాగేశ్వరరావుతో కలిసి 'సుడిగుండాలు' (1968), 'మరో ప్రపంచం' (1970) తీశారు. 'సుడిగుండాలు'కి జాతీయ అవార్డు వచ్చింది, డబ్బులు రాలేదు. హిందీలోనూ తీసి, 1975లో పోయారు.

ఇప్పుడు మూవియోలా లేదు. మీ జేబులో ఫోనే ఎడిటింగ్ గది. ఇక్కడే మాకొక భయం. కారంచేడు మీద మనవాళ్లే చేసిన ఒకట్రెండు వీడియోలు చూశాం. శవాలున్నాయి, ఏడుపులున్నాయి. 1985లో మంచినీళ్ల చెరువు దగ్గర మన ఆడకూతురు బిందె ఎత్తి ఎదురు తిరిగిన మాట లేదు! చీరాల శిబిరం లేదు! అవి తాలని ఏరి పారేసింది ఎవరో కాదు, మనమే. ఎందుకు తీసేశావని ఒక తమ్ముణ్ణి అడిగితే, నిడివి ఎక్కువైందన్నా అన్నాడు.

ఫోన్లున్నవాళ్లు భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చోండి. పత్తి తీతకు పోయే అక్కలు ముందు కూర్చోవాలి, వాళ్లకు సాయంత్రం బండి ఉంది. మొన్న తీసుకొచ్చిన ముసలమ్మల మాటలు రెండు గంటలున్నాయి. ఏది ఉంచాలో, ఏది కొయ్యాలో అందరం కలిసే చూద్దాం.