తీసేసిన గింజలు ఎవరి చట్నీలోకి?

(సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

క్యాన్సర్ అనగానే పొగాకు గుర్తుకొస్తుంది. నిజమే, ఆకువక్కలో పొగాకు వేసుకునే అమ్మలు మనలో ఇంకా ఉన్నారు, మానాల్సిందే. ఈ రోజు మాత్రం మేం మన శనక్కాయ గురించి మాట్లాడతాం.

అనంతపురం అంటేనే శనక్కాయ. కాయ గట్టిపడే రోజుల్లో వాన మొహం చాటేసి నేల కాగిపోతే, మట్టిలో ఉండే ఒక రకం బూజు కాయలోకి చేరుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఈ విషం కాలేయానికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. దాణాలో కలిపిన శనక్కాయ చెక్కే కారణమని తేలింది. ఈ విషం సంగతి అట్లా బయటపడింది.

కాయలు వలిచేటప్పుడు మనం ఏం చేస్తాం? వేళ్లు నొప్పి పుట్టకుండా నీళ్లు చల్లి మెత్తబరుస్తాం. బూజుకు కావాల్సింది ఆ తడే. తర్వాత మంచి గింజలు మార్కెట్టుకు పోతాయి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పుచ్చినవి మన ఇంట్లో చట్నీకి. కరువు నేలలో పండిన గింజను పారేయడానికి చేతులు రావు మరి. వేయిస్తే పోతుందిలే అనుకుంటాం. వేయించినా, ఉడకబెట్టినా ఆ విషం చాలావరకు అట్లే ఉంటుంది. చెక్క ఆవుకు పెడితే పాలలోకీ వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

అట్లని శనక్కాయ మానేయమని చెప్పడం లేదు. మన ఇళ్లల్లో అంత బలమైన తిండి ఇంకేముంది! పీకిన కాయను ఊపితే గలగలమనేదాకా ఎండబెట్టండి. సంచులు నేలమీద కాకుండా చెక్కల మీద పెట్టండి. నీళ్లు చల్లకుండా, దొరికితే చేతి యంత్రంతో వలవండి. పైకి బాగున్న గింజలోనూ విషం ఉండొచ్చు, అందుకే ఏరడం ఒక్కటే చాలదు.

ఇంకోటి. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ఈ విషం తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో వేసే ఆ టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. కాన్పు అయిన చోటే అడిగి వేయించండి.

మేం తేల్చుకోలేనిది ఒకటుంది. తీసేసిన గింజలు మనం తినకుండా అమ్మితే ఇంకెవరి చట్నీలోకో, నూనెలోకో పోతాయి. పారేస్తే ఆ నాలుగు డబ్బులూ పోతాయి. పొడులు, చిక్కీలు చేసే సంఘాలు ఏరిన మంచి గింజే వాడాలని ఉపసంఘంలో అనుకున్నాం. మిగతా నష్టం ఎట్లా పంచుకోవాలో మధ్యాహ్నం భోజనాల తర్వాత మీరే చెప్పండి.