ట్రిబ్యునల్ తీర్పు ఆఖరి మాట కాదు

(సహకార సంఘాల దళిత సభ్యుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుగూకేదాకా కూలి చేసుకొని నేరుగా ఇక్కడికే వచ్చినారు. అందుకే అడ్డమాటలు లేకుండా చెప్తాను. "ట్రిబ్యునల్లో ఓడిపోయినాం, ఇంకేముండాది" అని మీలో కొందరు తల పట్టుకొని కూర్చున్నారు. ఆ మాట గురించే ఈ పొద్దు మాట్లాడుకుందాం.

ముందు సంఘం అంటే ఏందో చూద్దాం. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయిన నాటి నుంచి సంఘం చట్టం దృష్టిలో ఒక మనిషి. దానికి పేరుంది, ముద్రుంది. ఆస్తి పెట్టుకోవచ్చు, కోర్టుకు పోవచ్చు. సభ్యులు చచ్చిపోయినా అది చావదు. అయితే ఈ మనిషికి సొంత నోరు లేదు, సొంత చెయ్యి లేదు. ప్రెసిడెంటు మాట్లాడితే సంఘం మాట్లాడినట్లు, సంతకం పెడితే సంఘం పెట్టినట్లు. ముద్ర ఎవరి పెట్టెలో ఉంటే సంఘం వాళ్లదైపోతా ఉంది. 2002లో చిత్తూరు డెయిరీ మూతపడినప్పుడు, "మా డెయిరీ" అనుకొని పాలుపోసిన రైతులకు ఈ సంగతి తెలిసొచ్చింది.

ఒక పల్లె సంగతి చెప్తాను, పేరు చెప్పను. సంఘం పేరున భూమి ఉంది. వాటాధనం బాకీ అని చెప్పి మనోళ్ల పేర్లు సభ్యుల రిజిస్టరులో కొట్టేసినారు. పెద్దకులం వాళ్ల బంధువుల పేర్లు ఎక్కించినారు. నోటీసు ముట్టినట్లు వేలిముద్రలు చూపించినారు. అందులో ఒక ముసలాయన అంతకు రెండేండ్ల ముందే కాలం చేసినాడు! చచ్చినోడు లేచొచ్చి వేలిముద్ర వేసినాడా? మనోళ్లు చావు సర్టిఫికెట్ దాఖలు చేసినారు. అయినా కింద ఓడిపోయినారు, ట్రిబ్యునల్లోనూ ఓడిపోయినారు. తీర్పు అంతా చదివించి చూస్తే ఆ సర్టిఫికెట్ గురించి ఒక్క ముక్క లేదు. అదే మనకు దొరికిన పట్టు. ఆ పట్టు మీదే ఇప్పుడు హైకోర్టుకు పోతాండారు.

దారి ఇట్లా ఉంటుంది. సంఘం తగాదా 61వ సెక్షను కింద రిజిస్ట్రారు ముందుకు పోతుంది. ఆ తీర్పు నచ్చకపోతే 76వ సెక్షను కింద ట్రిబ్యునల్‌కు అప్పీలు. దానికి గడువు 60 రోజులు. ట్రిబ్యునల్ కూడా కాదంటే మళ్లీ మామూలు అప్పీలు లేదు. అప్పుడు రాజ్యాంగం 226, 227 అధికరణాల కింద హైకోర్టు తలుపు తట్టాల. ఆ తలుపు ఎవరూ మూసేదానికి లేదు. 1993లో మన రాష్ట్ర హైకోర్టు సకినాల హరినాథ్ కేసులో ఈ అధికారం కోసం నిలబడింది. 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ట్రిబ్యునళ్ల మీద హైకోర్టు అధికారాన్ని రాజ్యాంగ సవరణతో కూడా తీసేయలేరని చెప్పింది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. హైకోర్టు సాక్ష్యాలను మళ్లీ మొదటి నుంచి తూకం వెయ్యదు. "మాకు అన్యాయం జరిగింది సామీ" అంటే చాలదు. ట్రిబ్యునల్‌కు ఆ అధికారం ఉందా? మన మాట వినిందా? మనం పెట్టిన ముఖ్యమైన కాగితాన్ని చూడకుండా వదిలేసిందా? ఏ ఆధారమూ లేకుండా తేల్చిందా? చట్టాన్ని తప్పుగా చదివిందా? ఈ ప్రశ్నలకు జవాబు తీర్పులోనే వెతకాల. కింద పెట్టని కాగితం పైన పెడతామంటే కష్టం. అందుకే తొలిరోజే అన్నీ దాఖలు చెయ్యండి, రసీదు తీసుకోండి.

ఇంక చెయ్యాల్సిన పనులు. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడు నకలుకు దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు తేదీ, నకలు చేతికొచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. పైకి పోయినంత మాత్రాన కింది తీర్పు ఆగదు, స్టే విడిగా అడగాల. లేకపోతే కేసు నడస్తానే ఉంటుంది, భూమి చెయ్యి దాటిపోతుంది. సంఘం పేరున కేసు వెయ్యాలంటే తీర్మానం కావాల. ప్రెసిడెంటే ఎదుటిపక్షమైతే తీర్మానం యాడొస్తుంది? అప్పుడు నష్టపోయిన సభ్యులుగా మీ సొంత పేర్లతోనే పోండి. సంఘం తరపున మాట్లాడే నోరు వాళ్లు లాక్కున్నారు గానీ, మీ నోరు మీ దగ్గరే ఉంది.

లాయరు ఫీజుకు భయపడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు వస్తాడు. చిత్తూరు జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి. కులం సర్టిఫికెట్ తీసుకొని పోండి. 2019 నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది, అక్కడా ఇట్లాంటి కమిటీ ఉంది. 2022 ఏప్రిల్‌లో మన జిల్లా విడిపోయింది కాబట్టి, మీ సంఘం రికార్డు చిత్తూరు ఆఫీసులో ఉందో, తిరుపతి ఆఫీసులో ఉందో ముందే కనుక్కోండి. రిజిస్ట్రారు దగ్గరుండే కాగితాలను సమాచార హక్కు కింద అడగొచ్చు.

కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయినామంటారు. నిజమే. మరి బాబాసాహెబ్‌ను తలుచుకోండి. 1927 మార్చిలో మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు సవర్ణులు ఆయన మీద దావా వేసినారు. ఆ చెరువు మున్సిపాలిటీది కాదు, మాదే అన్నారు. ఒక కోర్టులో ఓడి ఇంకో కోర్టుకు పోయినారు. ఆఖరికి 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు వాళ్ల అప్పీలు కొట్టేసింది. పదేండ్లు! వాళ్లు అన్యాయం కోసం పదేండ్లు కోర్టుకెక్కినారు. మన భూమి కోసం మనం ఒక్క తీర్పుతో ఇంటికి పోదామా?

కోర్టు కాగితం ఒక చేత్తో పట్టుకోండి, పల్లె ఐక్యత ఇంకో చేత్తో పట్టుకోండి. పల్లె కలిసి రాకుండా ఒక్కడే కోర్టుకు పోతే ఆ ఒక్కణ్ణి కొనేస్తారు, లేదంటే బెదిరిస్తారు. ఈ పొద్దు ఇంటికి పోయి ట్రంకు పెట్టె తెరవండి. వాటాధనం రసీదులు, మీటింగు నోటీసులు, పాత పాసుపుస్తకాలు ఏవుంటే అవి తీసి, రేపు సంఘం దగ్గరికి పట్టుకొని రండి. చదువుకున్న పిల్లోళ్లు కూర్చొని తేదీల వారీగా పేర్చండి. మన పోరాటం అక్కణ్ణుంచి మొదలైతుంది.

జై భీమ్!