పాల లారీ వెనుక కుంగితే
(సభ్య సంఘాల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)

లెక్కలు చూసే మాకు లారీ సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. ఖర్చుల పద్దులోనే అది మా కంటబడింది. ఒక సంఘం వారు పాత లారీ వెనుక కమాను కట్టలో విరిగిన పట్టీకి వెల్డింగు చేయించారు. ఆ వేడికి ఉక్కు స్ప్రింగు గుణం పోతుంది. దారిలో పట్టీ మళ్లీ విరిగింది, పాలూ విరిగాయి. నష్టం సభ్యులదే.

లారీ కుంగితే ఖాళీగా, చదును నేల మీద నిలపండి. టైర్లలో గాలి సరిచూసి, ఇరుసు నుంచి ఛాసిస్ వరకు రెండు వైపులా ఎత్తు కొలవండి. తేడా ఉన్నా, పట్టీల వంపు తగ్గినా కట్టలు విప్పించండి. విరిగిన పట్టీ ఒక్కటే మార్చి, మిగతావాటికి రెండు వైపులా సమంగా వంపు తీయించండి. చాలాసార్లు కొత్త కట్ట అక్కరలేదు. అరిగిన బుష్షులు, సెంటర్ బోల్టు, యూ బోల్టులు మార్పించండి. కొన్నాళ్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి.

అదనపు పట్టీ వేయించి ఎక్కువ క్యాన్లు ఎక్కించవద్దు. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు. పట్టీ పెరిగినా ఇరుసు, బ్రేకులు పాతవే కదా!

ఏ పట్టీ మార్చారో బిల్లులో రాయించండి. తనిఖీలో మేము అడుగుతాం.