వీణ చేయువాని చెవి

రేడియోలో వీణ కచేరి ప్రారంభమగునపుడు విద్వాంసుని పేరు చెప్పుదురు; ప్రక్కవాద్యముల వారి పేర్లును చెప్పుదురు. ఆ వీణను చేసినవాని పేరు మాత్రము మేమెన్నడును వినలేదు.

గోదావరి సీమవారమైన మాకు వీణ పరాయిది కాదు. పిఠాపుర సంస్థానమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ మ్రోగినది. 1922లో ద్రాక్షారామమున ఈమని శంకరశాస్త్రిగారును, 1936లో కాకినాడలో వారి శిష్యులు చిట్టిబాబుగారును జన్మించిరి. వాయించువారిని కన్నది మా సీమ. అయితే తెలుగునాట వీణలు చేయుటకు పేరుపడిన ఊళ్లు వేరు: ఒకటి నూజివీడు, మరియొకటి బొబ్బిలి. ఈ ప్రసంగము బొబ్బిలి పనివానిని గూర్చి.

విజయనగరము జిల్లాలో బొబ్బిలి చెంత గొల్లపల్లి యను గ్రామము కలదు. సర్వసిద్ధి యను ఇంటిపేరుగల వడ్రంగులు అక్కడ తరతరములుగా వీణలు చేయుచున్నారు. వారు కోరుకొను కఱ్ఱ పనస. అది తేలిక, పురుగు పట్టదు, నాదమును చక్కగా పలుకును. కుండను, దండిని వేర్వేరుగా చేసి అతుకుట ఒక పద్ధతి. ఒకే మొద్దును తొలిచి రెండింటిని అతుకు లేకుండ తీర్చుట బొబ్బిలికి ప్రసిద్ధి తెచ్చిన పద్ధతి. ఉలి ఒక్కసారి లోతుగా దిగినచో మొద్దంతయు వ్యర్థమగును.

ఇంతవరకు చేతి పని. చేయి తిరిగిన వడ్రంగి ఓర్పుతో దీనిని నేర్వగలడు. అతడు వీణ చేయువాడగుట మేళము కట్టుట నేర్చిన నాడే. మైనమును బొగ్గుపొడితో కలిపి దండిపై రెండు గట్లుగా తీర్చి, అది మెత్తగా నున్నపుడు 24 లోహపు మెట్లను నిలుపవలెను. స్థాయికి 12 మెట్ల చొప్పున రెండు స్థాయిలు. పై స్వరములకు పోయిన కొలది మెట్ల నడిమి యెడము తగ్గును. మెట్టు వెండ్రుకవాసి జరిగినను స్వరము చెడును. ఆపై ఎంతటి విద్వాంసుడైనను ఆ మెట్టుపై శ్రమపడవలసినదే. కొలబద్ద దారి చూపును. తీర్పు చెప్పునది చెవి. ఆ చెవికి పదును రావలెనన్న పెద్దవాని ప్రక్క కూర్చుండి అనేక మేళములు వినవలెను.

మా యింట మా నాయనమ్మగారి వీణ యొకటి చాలకాలము గోడకు చేరగిలబడి యుండెను. వేసవి తాపమునకు మైనము కరగి మెట్లు ఒరిగిపోయెను. దానిని ఎవరికైన ఇచ్చివేయుదమని కూడ అనుకొంటిమి. తుదకు మేళము కట్టు వృద్ధునొకనిని పిలిపించితిమి. ఆయన రాగము వాయింపలేదు. ఒక్కొక్క మెట్టును నొక్కి, తంత్రిని మీటి, తల వంచి వినుచు, మరల సవరించుచు సాయంకాలము వరకు కూర్చుండెను. వెలుగు తగ్గిన పిదప మా అమ్మాయి మీటగా ఇల్లంతయు మ్రోగెను. చేసినవాని పేరు కొఱకు వీణను తిరగవేసి చూచితిమి, ఎక్కడను లేదు. ఇటలీలోని క్రెమోనా నగరమున 1737లో మరణించిన స్ట్రాడివారి తాను చేసిన ఫిడేళ్లలో తన పేరుగల చీటీ అంటించెను. నేడు లోకము ఆ ఫిడేళ్లను ఆయన పేరుతోనే పిలుచుచున్నది. మా నాయనమ్మగారి వీణ మా నాయనమ్మగారి పేరుతోనే మిగిలినది.

ఈ శతాబ్ది రెండవ దశాబ్దిలో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరి పేరునకు రక్షణ కలిగినది, సంతోషమే. అయితే సభలలో బహూకరించుటకు చిన్న చిన్న బొమ్మవీణలను కొనువారే నేడు విరివిగా నున్నారు. ఆ బొమ్మలు పనివాని పొయ్యి వెలిగించుచున్నవి. వానిని మేము తక్కువ చేయము. అవి ఉలి పట్టు చేతిని బ్రతికించును. కాని బొమ్మవీణకు మేళము అక్కరలేదు. స్వరము వినవలసిన పని లేదు. చేయి నిలిచి చెవి పోయిన నాడు ఆకారము మిగులును, వీణ మిగులదు.

పెద్ద వీణ కొనుట అందరికిని సాధ్యము కాదు. కాని మన యిండ్లలో మూలపడియున్న వీణలకు మేళము కట్టించుట అనేకులకు సాధ్యమే. పనివాడు వచ్చినపుడు అతని పేరు, ఊరు, సంవత్సరము ఒక చీటీపై వ్రాయించి వీణతోపాటు భద్రపరుపుడు. పిల్లలను ఆ పూట అతని ప్రక్క కూర్చుండబెట్టుడు. మేము ఆనాడు ఆ వృద్ధుని పేరు అడుగుట మరచితిమి. ఆ లోపము ఇంక తీరునది కాదు.