హృద్రోగులు – ఎముకల బలము
(బాన్సువాడ వార్షిక మహాసభయందలి ప్రసంగము)

 

హృద్రోగము సోకిన పిదప నేను భయముచే రెండేండ్లు ఇల్లు కదలనైతిని. ఒకనాడు గడప తగిలి పడగా మణికట్టు విరిగెను. రక్తపరీక్షలో విటమిన్ డి లోపము తేలెను. ఎండ సోకిన చర్మమే దానిని పుట్టించును. అది కొరవడినచో ఆహారమందలి కాల్షియము చక్కగా ఒంటబట్టదు, ఎముకలు బలహీనములగును.

ఎండలు కాయు మన సీమలో ఈ లోపమేల యని సంశయింపవలదు. తిరుపతి వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో ఆరోగ్యవంతులయందును ఇది విస్తారముగా కనబడెను.

అయినను ఇది గుండెకు మందు కాదు. అమెరికాలో 25,871 మందిపై జరిపి 2019లో ప్రచురించిన వైటల్ పరీక్షలో దీనివలన గుండెపోట్లు తగ్గలేదు. కావున గుండెమందులు మానకుడు. విటమిను మాత్రలు వైద్యుడు చెప్పినంతయే మ్రింగుడు. మితిమీరినచో రక్తమున కాల్షియము హెచ్చి కీడు చేయును.

యువకులారా! వైద్యుని యనుమతితో ఇంటి వృద్ధుని చేయిపట్టి దినమును కొంతసేపు ఎండలో నడిపింపుడని ప్రార్థించుచున్నాను.